మేల్కొనని జన్యువులు

కట్టంగూర్‌లో గొర్రెలు కాసే భిక్షం కూతురు ప్రవళిక 2021లో హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో ఎలుక పిండ మూలకణాలను పెంచేది. ఆ కణాలు అప్పుడే నాడీకణాలుగానో కండరకణాలుగానో మారిపోకుండా, అందుకు కావలసిన జన్యువులను కొన్ని ప్రొటీన్లు కూటమిగా చేరి అణచి ఉంచుతాయి. ఆ కూటమిలోని ఒక ముఖ్యమైన ప్రొటీన్‌ను తొలగిస్తే జన్యువులన్నీ మేల్కొంటాయని ఆమె అంచనా వేసింది. తొలగించింది. చాలావరకు మేల్కొనలేదు. ఇక పరిశోధన మానేద్దామనుకుని ఇంటికి వచ్చింది.

గొర్రెలు ఎండాకాలంలో ఈనకూడదని, పొట్టేలు వాటితో జతకట్టకుండా దాని పొట్ట కింద గోనెగుడ్డ కట్టడం ఆ ఇంటి అలవాటు. ఆ ఉదయం భిక్షం గుడ్డ విప్పాడు. పొట్టేలు మాత్రం మంద మధ్యలో పడుకుని నెమరు వేస్తూ ఉండిపోయింది.

"ఏందయ్యా, నీ పొట్టేలు సన్యాసం తీసుకున్నదా?" అని అతని భార్య అమృతమ్మ నవ్వింది.

"గుడ్డ ఇప్పంగనే అయితదా? గొర్లు ఎదకు రావద్దా? జర ఆగు."

వింటున్న ప్రవళిక చాయ్ గ్లాసు కింద పెట్టింది. తన కణాల్లో అణచివేత తొలగింది గానీ, మారమని చెప్పే సంకేతం వాటికి అందలేదు. వాటిని మూలకణాలుగానే నిలిపి ఉంచే ద్రవంలో తానే పెంచింది.

తిరిగి వెళ్లి, మామూలు కణాలకూ ఈ కణాలకూ ఆ సంకేతాన్ని ఇచ్చి చూసింది. కూటమి దెబ్బతిన్న కణాల్లోనే జన్యువులు ముందుగా మేల్కొన్నాయి. కొన్ని అప్పటికీ మేల్కొనలేదు, కారణం తెలియదు.

"ఇంటికొస్తవా బిడ్డా, ఆడనే ఉంటవా?" అని అమృతమ్మ ఫోన్‌లో అడిగింది.

"ఈడనే ఉంట అమ్మా. ఇంక పనుంది."