పిరికివాడి మనవడు

సీ మొంజీకి ఉన్నది ఒకటే జబ్బు. నవలలో ఏది కనిపించినా అది తమ ఇంట్లోదే అంటాడు.

నవల అంటే మా సందుకు ఒకటే నవల, ‘వంకర రేవు’. దాన్ని రాసిన లెల్లా దలెందా (మా దగ్గర మగవాళ్ళకు ‘సీ’, ఆడవాళ్ళకు ‘లెల్లా’ మర్యాద మాటలు) మా నూలు సందులోనే పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి ఉద్యోగం వెంట ట్యూనిస్ వెళ్ళిపోయింది. అక్కడ కూర్చుని మా బిజెర్త పాత రేవును, కోటగోడను, మా సందును, సందులోని మనుషుల్ని పేర్లు మార్చి పుస్తకంలోకి ఎక్కించేసింది. పుస్తకానికి దేశమంతటా పేరొచ్చింది. అప్పటినుంచి చదివినవాళ్ళు దాన్ని చంకలో పెట్టుకుని, కథ ఎక్కడ జరిగిందో చూద్దామని వస్తూనే ఉన్నారు. సందు మొదట్లో కాగితాలు, కలాలు అమ్మే దుకాణం నాది. ఆ నవల అమ్మీ అమ్మీ నాకు సగం కంఠతా వచ్చేసింది. వచ్చినవాళ్ళు ముందు నన్నే దారి అడుగుతారు. నేను నోరు తెరిచేలోగా సీ మొంజీ దిగుతాడు.

ఆయన ఉద్యోగమంతా చేపల బజారులో వేలంపాట పాడటమే. ఉద్యోగం మానేసినా గొంతు మానెయ్యలేదు. నెత్తిన ఎర్ర టోపీ, చెవి వెనక మల్లెమొగ్గల గుత్తి, చేతిలో తాగుతున్న టీ గ్లాసు. రేవులో వలలు ఆరబెట్టుకునేవాళ్ళు కూడా తలెత్తి చూసేటంత గట్టిగా, కథానాయిక కిటికీ చూడాలనుకునేవాళ్ళు ఇటు రావాలని పిలుస్తాడు.

నవలలో కథానాయిక రోజూ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ నిట్టూరుస్తుంది. సీ మొంజీ ఇంటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకు తగులుతుంది. సూసే నుంచి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి ఆ కిటికీలోంచి తల బయట పెట్టి, పెట్టిన తలను మళ్ళీ లోపలికి తీసుకోవడానికి కాస్త అవస్థపడి, సముద్రం ఏదని అడిగింది.

“గోడ వెనకాల ఉందమ్మా,” అన్నాడు సీ మొంజీ.

“పుస్తకంలో గోడ లేదు కదండీ?”

“రచయిత్రి పడగొట్టించింది. నవలలో గోడ పడగొట్టాలంటే మునిసిపాలిటీ అనుమతి అక్కర్లేదు.”

ఆ అమ్మాయి ఆ మాట రాసుకుని వెళ్ళింది. తర్వాత కాలేజీలో దానిమీద ఉపన్యాసం కూడా ఇచ్చిందని విన్నాం.

ఆయనది రెండు గదుల ఇల్లు. నవలలోని వస్తువులన్నీ అందులో పెడితే మనుషులు సందులో పడుకోవాలి. అయినా నిమ్మచెట్టున్న పెరడు తమదే, నీళ్ళు ఎండని బావి తమదే, వర్తకుడి భవనంలోని పాలరాతి మెట్లూ తమవే. మేడ మీదికి ఆయన ఇంట్లో ఉన్నది చెక్క నిచ్చెన. ఇదేమిటని అడిగితే, పాలరాయి పుస్తకంలోకి వెళ్ళిపోయిందనీ నిచ్చెన తమకు మిగిలిందనీ చెబుతాడు. నవలలో ఒక కుంటి పిల్లి ఉంది. ఆయన పిల్లి నాలుగు కాళ్ళతో గోడలు దూకుతూ ఊరి చేపలన్నీ తింటుంది. ఆయన దాన్ని ఎత్తి చూపించి, ఇది ఆ పిల్లి మనవరాలనీ, కుంటితనం వంశంలో దిగదనీ నచ్చజెబుతాడు.

మనుషుల దగ్గరికొస్తే మరీ ఘోరం. పెళ్ళికొడుక్కి విషం పెట్టిన విధవరాలు వాళ్ళ పెద్దత్త. కాజీగారి గాడిదను దొంగిలించినవాడు మేనమామ. తప్పుడు సాక్ష్యం చెప్పి ఇల్లు కొట్టేసినవాడు పినతండ్రి. ఒకసారి కాఫీ దుకాణంలో ఉండబట్టలేక, మీ వంశంలో మంచివాడు ఒక్కడూ లేడా అని అడిగాను.

“బోలెడుమంది ఉన్నారు. నవలకు పనికిరాలేదు,” అన్నాడు.

భార్య జొహ్రా ఈ గోల ఎంతో ఓర్చుకుంది. కానీ మంత్రాలు వేసే ముసలిది అత్తగారే అని ఆయన ఫ్రెంచివాళ్ళ గుంపుకు చెప్పిన రోజున మాత్రం గరిటెతో బయటికొచ్చింది. “నీవైపు దొంగలు చాలలేదా, మా అమ్మను కూడా లాగావు?” అని నిలదీసింది. ఆ వారం మంత్రాల ముసలి కూడా పెద్దత్తే అయింది.

వీటన్నిటికీ మించినది ఖమీస్ సంగతి. నవల చదివినవాళ్ళు మరిచిపోలేని మనిషి ఖమీస్. రేవుగట్టు చివర దీపం వెలిగించే కాపలాదారు. తుపాను సాయంత్రం భయపడి దీపం వదిలేసి, ఇంటికి పరుగెత్తి మంచం కింద దూరతాడు. దారి కనపడక పడవ రాళ్ళకు కొట్టుకుంటుంది, జాలర్లు మునిగిపోతారు. చదువుతూ చదువుతూ ఖమీస్‌ను తిట్టనివాళ్ళు లేరు. మా కాఫీ దుకాణంలో పేకాటలో వెనక్కి తగ్గినవాణ్ణి కూడా ఖమీస్ అనే అంటారు.

ఆ ఖమీస్ తన తాత అని సీ మొంజీ రొమ్ము విరుచుకుని చెబుతాడు. చెప్పి ఊరుకోడు, పాత సామాన్ల బజారులో ఒక ఇనప మంచం కొని, తాతగారు దూరిన మంచం ఇదేనని చూపిస్తాడు. వచ్చినవాళ్ళు దాని కింద దూరి ఫొటోలు తీయించుకుంటారు. ఒక లావుపాటి మేష్టారు అందులో ఇరుక్కుపోతే నేనూ ఇంకో ఇద్దరూ మంచం ఎత్తాల్సి వచ్చింది. దేశం మొత్తంలో ఇంత పేరున్న పిరికివాడు ఇంకొకడు లేడనీ, అలాంటివాడు పుట్టాలంటే మంచి వంశం కావాలనీ సీ మొంజీ ఆ మేష్టారి దుమ్ము దులుపుతూ చెప్పాడు.

నాకు ఇందులో ఒక చిక్కు ఉండేది. ఆయన తాత దర్జీ. మా నాన్న పెళ్ళి కోటు కుట్టింది ఆయనే. సముద్రం గాలి తగిలితే తలనొప్పి వస్తుందని తలుపు వేసుకుని కుట్టుకునే మనిషి రేవుగట్టు మీదికి ఎప్పుడు వెళ్ళాడు? అడిగితే, ఆ పని వంతులవారీగా చేసేవాళ్ళనీ, ఆ చలికాలం తాత వంతు వచ్చిందనీ చెప్పాడు. లేని నిమ్మచెట్టుకు నీళ్ళు పోసే మనిషికి లేని దీపం ఒక లెక్కా అని వదిలేశాను.

నిరుడు మునిసిపాలిటీవాళ్ళు మా సందు గోడకు నవల పేరుతో నీలం పలక ఒకటి బిగించారు. దాన్ని ఆవిష్కరించడానికి లెల్లా దలెందా స్వయంగా వచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది, కళ్ళు మాత్రం అన్నిటినీ తడుముతున్నాయి. కోట నుంచి దీపం దాకా నడిచి చూసి నవ్వింది. పుస్తకంలో ఈ దూరం చాలా ఎక్కువట. చిన్నపిల్ల కాళ్ళతో కొలిచిన దూరాన్నే రాశానంది. రెండు సందులు కలిపి ఒకటి చేశాననీ, గాలీ ఉప్పు వాసనా మాత్రం ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్ళాననీ చెప్పింది.

సందంతా అక్కడే ఉంది. మట్టి పొయ్యిలో తబూనా రొట్టెలు కాల్చి అమ్మే బేయా కూడా రొట్టెల బుట్టతో వచ్చి గోడవారగా నిలబడింది. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. మా సందు ఆవిడ రొట్టెతోనే నిద్ర లేస్తుంది.

ప్రసంగాలయ్యాక పత్రికాయన ఒకడు లేచి, ఖమీస్ నిజంగా ఎవరు, ఈపాటికి చనిపోయే ఉంటాడు కాబట్టి ఇప్పుడైనా చెప్పండి అని అడిగాడు. లెల్లా దలెందా ఆలోచిస్తూ, తాను పుట్టిన ఇంటివైపు చూసి, అక్కడినుంచి ఎదురింటి కిటికీవైపు చూసింది. ఆ ఎదురిల్లు బేయాది. బుట్ట మీది గుడ్డను బేయా రెండు చేతులతో గట్టిగా పట్టుకోవడం నా కంట పడింది.

“మా తాతండీ!” వేలంపాట గొంతు లేచింది. “లెల్లా దలెందాకు మొహమాటం. నేనే చెబుతున్నాను, మా తాతే. మంచం ఇంట్లో ఉంది, రండి చూపిస్తాను.”

జనం ఘొల్లున నవ్వారు. రచయిత్రి నవ్వలేదు. సీ మొంజీని ఒకసారి, బేయాను ఒకసారి చూసింది.

“అవును,” అంది. “మొంజీ వాళ్ళ తాతే. చాలా మంచి పిరికివాడు.”

సాయంత్రం బండి వచ్చేదాకా ఆవిడ నా దుకాణంలో కూర్చుంది. టీలో బాదం పలుకులు వేసి ఇచ్చాను. కాసేపు తాగి, మొంజీ తాత దర్జీ కదా అని మెల్లిగా అడిగింది. అవునన్నాను. తల ఊపి, ఎదురింటి కిటికీలోంచి చిన్నప్పుడు తాను చూసినదాన్ని చెప్పింది. వానలో తడిసి పరుగెత్తుకొచ్చిన మనిషి, మంచం కింద వణుకుతున్న ఆయన పాదాలు. ఆ మనిషి బేయా తండ్రి సాదోక్. పడవకు ఆ రోజు ఒక పలక విరిగింది, అంతే. ఎవ్వరికీ ఏమీ కాలేదు.

“భయం ఆయనది. చచ్చిపోయినవాళ్ళు నావాళ్ళు,” అంది. “కథకు తుపాను చాలలేదని నేనే చంపాను. ఇక్కడ ఆయన కూతురు రొట్టెలమ్ముకుంటూ ఉంటుందని అప్పట్లో నాకు తోచలేదు.”

మర్నాడు సీ మొంజీని రేవు దగ్గర పట్టుకున్నాను. ముందు తాత పేరు మీద ఒట్లు పెట్టాడు. దర్జీ తాత సంగతి ఎత్తితే సూది వాడేవాడు దీపం ముట్టించకూడదా అని ఎదురు తిరిగాడు. లెల్లా దలెందా నాకు చెప్పిందన్నాక మాత్రం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నవల కొత్తగా వచ్చినప్పుడు కాఫీ దుకాణంలో ఎవరో, ఆ దీపం దగ్గర సాదోక్ పనిచేసేవాడు కదా అన్నారట. రెండో రోజుకల్లా పిల్లలు బేయాను ఖమీస్ కూతురా అని పిలవడం మొదలైంది. ఆవిడ రొట్టెల బుట్ట బయటికి తేవడం మానేసింది. వారం పాటు సందంతా బజారు రొట్టె తింది. నేను అప్పుడు సైన్యంలో ఉన్నాను, నాకు తెలియదు.

“నాకు ఆ బజారు రొట్టె అరగలేదు,” అన్నాడు సీ మొంజీ. “కాఫీ దుకాణంలో బల్ల ఎక్కి ఖమీస్ మా తాత అని అరిచాను.”

“మరి ఆ కిటికీ, గాడిద, పిల్లి, ఇవన్నీ ఎందుకు?”

“ఒక్క పిరికివాణ్ణే నావాడంటే ఎవడైనా నమ్ముతాడా? ఎందుకిలా అంటున్నాడని ఆరా తీస్తారు. అన్నీ నావే అన్నాననుకో, వీడికి పిచ్చి అని ఊరుకుంటారు.” టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుని, “తర్వాత అలవాటైపోయిందిలే. పెద్దత్త విషయంలో కొంచెం ఎక్కువ చేశాను,” అన్నాడు.

ఇది బయటపెట్టనని నాచేత ఒట్టేయించుకున్నాడు. నేను పెట్టలేదు కూడా.

ఈ వసంతంలో లెల్లా దలెందా కొత్త నవల వచ్చింది. అందులో ఒక రేవు పట్టణం, అక్కడ ఒక చేపల వేలంపాటగాడు. చంద్రుడు కూడా తమ పెరట్లోంచే పైకి లేస్తాడంటాడు. కారణం ఏమిటో ఆవిడ రాయలేదు, మనిషిని మాత్రం దించేసింది. నా దుకాణంలో పుస్తకాల కట్ట విప్పిన గంటలో సందంతా చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. సీ మొంజీ కళ్ళజోడు పెట్టుకుని, నా దుకాణం అరుగు మీదే కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చదివాడు. మూసి పక్కన పెట్టాడు.

“అన్నీ బాగున్నాయి. ఈ వాగుడుకాయ మాత్రం మన సందువాడు కాదు,” అన్నాడు. “పక్క సందువాడై ఉంటాడు.”

అప్పుడే పుస్తకం కొన్న ఇద్దరు యాత్రికులు, మరి ఇతను ఎవరని నన్ను అడిగారు. నేను ఒట్టు గుర్తొచ్చి చిల్లర లెక్కపెట్టసాగాను. దుకాణం పక్కన రొట్టెలమ్ముతున్న బేయా బుట్ట కింద పెట్టి లేచి వచ్చింది.

“నేను చెబుతాను. ఇదిగో, ఈయనే. ఖమీస్ వీళ్ళ తాత కాదు, మా నాన్న. ఈయన మా నాన్నను తన తాతను చేసుకుని, ఊరి నవ్వంతా తన నెత్తిన పెట్టుకున్నాడు. రాసుకుంటారా, రాసుకోండి.” నావైపు తిరిగి, “నువ్వు కూడా రాయి తమ్ముడూ, కాగితాలకు కొదవ లేదు కదా,” అంది.

సీ మొంజీ ఎర్ర టోపీ కంటే ఎర్రబడ్డాడు.

“ఎంత పని చేశావే బేయా,” అన్నాడు. “ఇన్నేళ్ళు కష్టపడి కట్టుకున్న వంశాన్ని ఒక్క మాటతో కూల్చేశావు. నేనిప్పుడు ఎవరి మనవణ్ణని చెప్పుకోను?”

“దర్జీగారి మనవడివి, అన్నా,” అంది బేయా, వేడి రొట్టె తుంచి ఆయన చేతిలో పెడుతూ. “మా నాన్న పెళ్ళి కోటు కూడా ఆయనే కుట్టాడు. నవలలో పెట్టలేదు కానీ, చాలా బాగా కుట్టేవాడట.”