అత్తయ్యగారిని కరిచిన గీజరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఒక్కొక్కటీ తెలియకుండా పోవడం ముప్పై దాటాకే మొదలైంది. ఎలక్ట్రికల్ డిప్లొమాని మూడో దండయాత్రలో గట్టెక్కించి, తెనాలిలో ఒక కరెంటు సామాన్ల కొట్లో చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో నేను చేసిందల్లా అట్టపెట్టెల మీద దుమ్ము దులపడం, గ్యారంటీ కార్డుల మీద స్టాంపు గుద్దడం. అయినా చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పిడి బయటికి కనపడేలా పెట్టుకుని, డాక్టరుగారు స్టెతస్కోపు వేసుకు తిరిగినట్టు తిరిగేవాణ్ణి. మా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే అమ్మ మాత్రం వీధి చివరి మెకానిక్‌నే పిలిచేది. (కన్నతల్లి కదా, ఆమెకి తెలియదూ.)

మా అక్కని బాపట్ల ఇచ్చాం. పాప పుట్టి ఏడో నెల నడుస్తోంది. కార్తీకమాసం చలి మొదలవగానే బావగారు గీజరు కొంటానన్నారు. ఆయన అయ్యప్ప మాల వేసుకుని చన్నీళ్ళే పోసుకుంటున్నారు కాబట్టి అది ఆయనకి కాదు, పాపకీ, ఆయన తల్లిగారికీ. "బిగించడానికి ఎవర్నో పిలవడమేంటి, నేను చచ్చానా?" అని మా కొట్లోదే ఒకటి పట్టుకుని శుక్రవారం సెలవు నాడు ప్యాసింజరు ఎక్కాను.

నేను వెళ్ళేసరికే బావగారు ముందుజాగ్రత్తగా టెస్టరు బాబాయిని పిలిపించారు. ఆ పేటలో ముప్పై ఏళ్ళుగా వైరింగు పనులు చేస్తున్న పెద్దాయన. చెవి వెనక పెన్సిల్, చేతిలో టెస్టరు లేకుండా ఎవరికీ కనపడలేదట, అందుకే ఆ పేరు. ఆయన స్నానాలగది ప్లగ్గు విప్పి చూసి, "ఈ ఇంటికి ఎర్తు లేదు బాబూ. మూడో కన్నం ఉందిగానీ దాని వెనకాల తీగే లేదు, ఉత్త కన్నమే. ముందు గుంట తీసి ఎర్తు వేసుకుందామండి. జుమ్మా నమాజుకెళ్ళొచ్చి నేనే దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు.

"అవన్నీ పాత సామాన్లకి బాబాయ్. ఇది కొత్త మోడలు. అన్నీ లోపలే ఉంటాయి."

"లోపల ఏముంటాయండి?"

"అన్నీ."

(ఏముంటాయో ఆ క్షణాన నాకు తెలిస్తే ఒట్టు.) ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇష్టం బాబూ" అని వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను. పెద్దవాళ్ళు వాదన మానేస్తే గెలుపనుకునే జాతి ఒకటుంటుంది, అందులో నేను అగ్రగణ్యుణ్ణి.

రెండు కన్నాలు చాలిన చోట ఆరు పొడిచి, మొత్తానికి గీజరుని గోడకి వేలాడదీశాను. దాంతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే, ట్యాంకు నిండా నీళ్ళు నిండాకే స్విచ్చి వెయ్యమని పెద్ద అక్షరాల్లో ఉందట. ఉండొచ్చు. నేను ఆ పేజీ మీద పకోడీలు పెట్టుకుని తిన్నాను. మేడ మీద ట్యాంకు ఖాళీ అని, మోటారు వెయ్యాలని అక్క అంటూనే ఉంది. కానీ పక్కింటివాళ్ళు కూడా చూడ్డానికొచ్చి నిలబడితే స్విచ్చి మీదున్న వేలు ఆగుతుందా? వేశాను. ఎర్రదీపం వెలిగింది. అక్క అత్తగారు, అంటే నాకు అత్తయ్యగారు, పంపు తిప్పి చూసి, "నీళ్ళు రావట్లేదేంటి బాబూ?" అన్నారు. "కాగాక వస్తాయండి" అన్నాను. కాసేపటికి మాడువాసన వచ్చింది. "కొత్త సామానుకి మొదట్లో అలాగే ఉంటుందండి" అన్నాను. తర్వాత మోటారు వేశారు, నీళ్ళూ వచ్చాయి, వేడిగానే వచ్చాయి. చేపల పులుసుతో భోజనం చేసి (స్వామివారి మాల వల్ల నా ఒక్కడికీ పక్కింట్లో వడ్డించారు), ఘనకార్యం చేసినవాడిలా తెనాలి వచ్చి పడ్డాను.

మూడో రోజున అక్క ఫోను. "ఒరేయ్, అత్తయ్యగారికి పంపు ముట్టుకుంటే జివ్వుమంటోందటరా. కరుస్తోందంటున్నారు."

"ఆ వయసులో నరాల బలహీనత అలాగే ఉంటుందే. బి కాంప్లెక్స్ వేసుకోమను."

"పాపకి ఆ నీళ్ళు ముట్టనివ్వట్లేదు. కాగులో కాచి పోస్తున్నారు. నన్నూ అవే పోసుకోమంటున్నారు."

"ఇంత చదువుకున్న కుటుంబంలో ఈ చాదస్తమేంటే?" అని పావుగంట ఉపన్యాసమిచ్చాను. పాపం ఆవిడ నిజంగానే ఆ మాత్రలు తెప్పించుకుని వేసుకున్నారని తర్వాత తెలిసింది.

మరుసటి శుక్రవారం ఆ చాదస్తం వదలగొట్టడానికి నేనే వెళ్ళాను. "నేను పోసుకుని చూపిస్తాను, చూడండి అత్తయ్యగారూ" అని తువ్వాలు కట్టుకుని లోపలికెళ్ళాను. ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక, కళ్ళు మూసుకుని తడిచేత్తో పంపు పట్టుకున్నాను. ఎవరో మోచేతి మీద రోకలితో మోదినట్టయింది. నోట్లోంచి వచ్చిన కేక నాదో కాదో నాకే తెలియలేదు. చెయ్యి ఎలా ఊడొచ్చిందో, గడియ ఎలా తీశానో దేవుడికెరుక, నురగతో వచ్చి వీధరుగు మీద తేలాను. పాలు కొలుస్తున్న పాలావిడ కొలత మర్చిపోయింది. అత్తయ్యగారు తాపీగా వచ్చి, "బి కాంప్లెక్స్ ఒకటి ఇమ్మంటావా నాయనా?" అన్నారు.

బావగారు కబురు పెడితే నమాజు నుంచి తిన్నగా వచ్చిన టెస్టరు బాబాయి ముందు మెయిన్ ఆపి, గీజరులో నీళ్ళు వంచేసి, నీళ్ళు కాచే కాయిల్ని బయటికి లాగాడు. దాని గొట్టం నల్లగా మాడి, నిలువునా పగిలి ఉంది.

"నీళ్ళు లేకుండా వేశారా బాబూ?"

నేను తువ్వాలు ముడి సరిచేసుకున్నాను.

"పగిలిన చోటునించి కరెంటు నీళ్ళలోకి దిగింది. ఎర్తుంటే భూమిలోకి పోయేది. లేదు కదండి, అందుకని మనిషిని వెతుక్కుంది." ఆయన చూపు ఉయ్యాల్లో పాప మీదికి వెళ్ళింది.

అత్తయ్యగారు నా వంక చూడలేదు. పాప తల నిమురుతూ, "నన్ను కరిచే నీళ్ళు దీనికి పోస్తానా?" అన్నారు, అంతే. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎర్తు గుంట నేనే తవ్వుతాను బాబాయ్" అన్నాను. బాపట్ల ఇసుక నేల, తవ్వినంతా పక్కనించి జారి మళ్ళీ పూడుతుంది. చీకటి పడేదాకా తవ్వాను. ఆయన బొగ్గూ ఉప్పూ పోయించి, గొట్టం దింపి, తీగ లాగి, కొత్త కాయిల్ వేసి, కరెంటు కాస్త కారినా తనంతట తనే పడిపోయే స్విచ్చి ఒకటి పెట్టాడు. ట్యాంకు నిండి పంపులో ధారగా నీళ్ళు వచ్చాక, "ఇప్పుడు వెయ్యండి" అన్నాడు. స్విచ్చి వెయ్యడానికి నా వేలు కదల్లేదు. ఆయనే వేశాడు.

ఇప్పుడు రేపల్లెలో సొంతంగా ఈ కరెంటు పనే చేసుకుంటున్నాను. ఈ ఉప్పునీళ్ళకి ఏడాది తిరిగేసరికి కాయిళ్ళకి సున్నం పేరుకుపోతుంది. విప్పి గీకి, ఎర్తు చూసి, పంపు దగ్గర టెస్టరు మూడుసార్లు పెట్టిగానీ వదలను. ఇంటివాళ్ళు నవ్వుకుంటారు, నవ్వనీ. అప్పుడప్పుడు అనిపిస్తుంది, అప్పటి ఆ కుర్రాడు ఇవాళ నా దగ్గరికి పని అడగడానికి వస్తే ఏం చేస్తానా అని. గుమ్మంలోనే పంపించేస్తాను. కాకపోతే, అంత ధీమాగా నవ్వుకుంటూ వస్తాడు కదా వెధవ, కూర్చోబెట్టి ఒక టీ తాగించి పంపిస్తాను.