సార్ మెల్లగా చెప్పిన పాస్‌వర్డ్

ఈ రోజు తెలంగాణ కోసం బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో మా జిరాక్స్ షాపు షట్టర్ సగం దించి కూర్చున్నాను. నర్సు ఉద్యోగానికి దరఖాస్తు ప్రింట్ కావాలని పక్క వీధి లక్ష్మక్క వచ్చింది. ఐదింటిలోగా నడిచి మలక్‌పేట చేరి ఇవ్వాలట.

నిన్ననే కొన్న ప్రింటర్‌ను కంప్యూటర్‌కు కలపబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. అది మా ఓనరు గారికే తెలుసు. ఆరేళ్లుగా నాది మామూలు అకౌంటే. ఆయనది గుంటూరు వైపు, ఇల్లు వనస్థలిపురం. బస్సుల్లేవు. ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగాను.

"ఇంట్లో చుట్టాలున్నారయ్యా, ఇప్పుడు చెప్పలేను."

"జర మెల్లగ చెప్పుండ్రి సార్. అక్క పరేషాన్ అయితున్నది."

సార్ గుసగుసగా అన్నారు: "జై తెలంగాణ. ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలు."

ఆయన వెనకాల ఎవరో అరిచారు: "ఏంటి బావా, నువ్వు కూడా వాళ్లలో కలిసిపోయావా!"

"నేను పెడతానని ఎవరూ అనుకోరని పెట్టాను రా!" అని వాళ్లకు చెప్పి, నాతో, "నీ అకౌంటును కూడా అడ్మినిస్ట్రేటర్ చేసేసుకోవయ్యా. మళ్లీ నా చేత ఈ మాట చెప్పించకు. ఆ పాస్‌వర్డ్ కూడా మార్చెయ్" అన్నారు.

కంట్రోల్ ప్యానెల్ తెరిచి నా అకౌంటు మార్చుకున్నాను. ప్రింట్ వచ్చింది. లక్ష్మక్క నవ్వుకుంటూ బయల్దేరింది.

తర్వాత పాస్‌వర్డ్ కూడా మార్చాను. సార్ పద్ధతిలోనే, నేను పెడతానని ఎవరూ అనుకోని మాట పెట్టాను. రేపు షాపులో అందరి మధ్య దాన్ని ఆయనకు మెల్లగా చెప్పాలి. మీరు ఊహించి ఉంటే ఇక్కడ రాయకండి, నాకు ఫోన్ చేయండి.