తొట్టి మెట్ల దగ్గర తడి పాదాలు

ముందు ఈ మాట రాయి నాన్నా. మీ అవ్వకు దయ్యాల మీద నమ్మకం లేదు. కువైట్‌లో ఇన్నేళ్ళు ఇళ్ళల్లో పని చేశాను, పెద్ద పెద్ద విల్లాల్లో ఒంటరిగా పడుకున్నాను. చప్పుడైతే పిల్లి అనుకున్నానే గాని ఇంకోటి అనుకోలేదు. నాకు అనుమానమంతా మనుషుల మీదే.

మనం శుక్రవారం, ఇక్కడి సెలవు రోజున, ఆరాధన చేసుకునే పాత మందిరం ఎట్లా ఉంటుందో కూడా రాయి, చదివేవాళ్ళకు తెలియాలి. ఇక్కడ నేలలో పెట్రోలు పడకముందు మిషన్ వాళ్ళు కట్టించారట. సముద్రపు రాయి, మట్టి కలిపిన మందం గోడలు. పైన కర్ర దూలాలు, వాటి మీద చాప. గంట లేదు, గోపురం లేదు, బొమ్మ ఒక్కటీ లేదు. బాప్తిస్మానికి వాళ్ళది నీళ్ళు చిలకరించే పద్ధతి కాదు, ముంచే పద్ధతి. అందుకే చెక్క వేదిక కింద బాప్తిస్మం తొట్టి ఉంది. ఒక పక్క మెట్లు దిగి, మునిగి, ఇంకో పక్క ఎక్కాలి. ఎక్కిన చోట గోడకు తలుపుండేది, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి. ఎప్పుడో ఆ గది పడగొట్టి తలుపు మూసి గోడ కట్టేశారు. తొట్టి పగిలిపోతే పలకలు పరిచి మేకులు కొట్టేశారు.

ఆ హాల్లో మన ఆరాధనకు ముందు మలయాళీల ఆరాధన, వాళ్ళకు ముందు ఇంకెవరిదో. అందరూ బూట్లతో వస్తారు. చెప్పులు గుమ్మం బయట విడిచేది మన తెలుగువాళ్ళం ఒక్కళ్ళమే. గొడవంతా అక్కడే వచ్చింది.

ఒక శుక్రవారం మన ఆరాధన అయ్యాక వేదిక పక్కన తడి పాదాల గుర్తులు కనిపించాయి. ఉత్త కాళ్ళవి, చిన్నవి. తర్వాతి వారమూ అంతే. మందిరం కాపలా చూసే హారిస్, ఈజిప్టు ఆయన, మండిపడ్డాడు.

"మదామ్, చప్పల్ నహీ పహెన్తా ఓన్లీ తెలుగు! మై ఆఫీస్ మే బోలేగా. తెలుగు ఖలాస్!"

చెప్పుల్లేకుండా తిరిగేది తెలుగువాళ్ళే, మందిరం ఆఫీసులో చెప్పి మన ఆరాధన ఆపించేస్తానని. ఆయన అనుమానం సలోమి మీద. రాయచోటి వైపు పిల్ల. ఆరాధన అయ్యాక బకెట్, మాపు పట్టుకుని ఆఖరున ఉండేది అదే. నిజం చెప్పొద్దూ, నా అనుమానమూ దాని మీదే.

"ఏదీ, కాళ్ళు జూపీ పాపా" అన్నాను.

"చూసుకోక్కా! ఆ పలకల తట్టు పోనే లేదు నేను. ఆఫీసోళ్ళు మామాకు ఫోన్ చేసినారంటే ఇంక నన్ను గడప దాటనీదు. నాకుండేది ఈ ఒక్క పూటే గదక్కా."

మామా అంటే అది పని చేసే ఇంటి యజమానురాలు, ఇక్కడ అట్లాగే పిలుస్తాం. కాళ్ళు పొడిగానే ఉన్నాయి. తుడుచుకుని ఉండొచ్చు కదా అనుకున్నాను.

ఆ తర్వాతి వారం మామా ఇంట్లో చుట్టాలని సలోమిని పంపలేదు. ఈరోజు తేలిపోతుందిలే అనుకున్నాను. అందరినీ చెప్పులతోనే లోపలికి రమ్మన్నాను. పెద్దవాళ్ళు గొణిగారు, గొణగనీ. ఆరాధనకు ముందే హారిస్ చేత ఒక పలక మేకులు పీకించి టార్చి వేసి చూశాను. తొట్టి అడుగున పొడి దుమ్ము. మెట్లకు అడ్డంగా సాలెగూడు, ఒక్క పోగు తెగలేదు. ఏసీ నీళ్ళు అనుకుందామంటే ఏసీ పెట్టె అవతలి గోడకు ఉంది. పలక మళ్ళీ బిగించేశాడు.

ఆరాధన అయింది. గుర్తులేమీ లేవు. అందరినీ పంపించి, తలుపు గడియ పెట్టి, నేనూ హారిసూ ముందు బల్ల మీద కూర్చున్నాం. నాకు ఆయన మీద కూడా అనుమానమే, అందుకే పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఎత్తు కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడుతోంది. చప్పుడు లేదు, ఏమీ కనిపించలేదు. ఇక పోదామని లేచాడాయన. లేచినవాడు అట్లాగే నిలబడిపోయాడు.

మెట్లు పైకి వచ్చే చోటు నుంచి గోడ దాకా తడి పాదాలు. వేలితో తాకి చూశాను. చల్లగా, నీళ్ళే. గోడ దగ్గర చివరి గుర్తుకు మడమ మాత్రమే ఉంది. వేళ్ళు ఉండాల్సిన చోట గోడ ఉంది.

హారిస్ పోయి మాపు తెచ్చి తనే తుడిచాడు. ఆఫీసులో చెప్పలేదు, సలోమి పేరు మళ్ళీ ఎత్తలేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు నాన్నా. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పాను. మళ్ళీ శుక్రవారం సలోమి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, నా మింద అనుమానం పోయిందా?" అని మెల్లగా అడిగింది.

"నీ మింద పోయిందిలే పాపా. ఇంక దాన్ని ఎవరి మింద పెట్టాల్నో తెలీకుండా ఉండాది" అన్నాను.