ఏకాహంలో నాకొచ్చిన దగ్గు

కంచరపాలెంలో ఏకాహం జరుగుతుండగా, మిట్టమధ్యాహ్నం, రామనామం మధ్యలో నాకు దగ్గు వచ్చింది. ఆ క్షణాన పందిట్లో పాడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పటికి పత్రికలో చేరి నెల కూడా కాలేదు. భక్తి కార్యక్రమాలంటే ఆహ్వానపత్రిక చూసి ‘భక్తులు పులకించారు’ అని రాసేయొచ్చనుకునే వయసు. ఏకాహమంటే ఈ సూర్యోదయం నుంచి రేపటి సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. ఆగితే మొక్కు చెల్లదు, మళ్ళీ మొదటికే. ఆ మొక్కు ఒక పెద్దావిడది. కొడుకు ఆస్పత్రి నుంచి ప్రాణాలతో తిరిగొస్తే చేయిస్తానని మొక్కుకుందట. అతను ఎదురింట్లో పడుకుని ఉన్నాడు. పాడేవాళ్ళంతా పోర్టు, స్టీల్‌ప్లాంటు మనుషులు కావడంతో భజన కూడా షిఫ్టుల లెక్కనే నడిచేది. రిలీవరు వచ్చేదాకా ఒక్కరైనా తాళాలు వదలకూడదు. ఆవేళ రావాల్సిన బ్యాచి బస్సు దువ్వాడ దగ్గర చిక్కుకుపోయింది. పాడుతున్నవాళ్ళు డ్యూటీ వేళయి ఒక్కొక్కరే లేవగా తాళాలు వాయించే తాత ఒక్కడే మిగిలాడు. వివరాలు అడుగుదామని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నామం ఆపకుండానే చిటికెన వేలు చూపించి, తాళాలు నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు (చక్కెర జబ్బు మనిషి, తప్పు పట్టలేం).

అందుకున్నాను. శ్రుతి ఎక్కడుందో తెలియదు. పందిరి నీడలో పడుకున్న కుక్క లేచి ఎండలోకి వెళ్ళిపోయింది. కానీ కాసేపటికి నాలో సిగ్గు పోయి భయం మొదలైంది. పొద్దున్నుంచి ఎన్ని గొంతులు మారినా తెగని నామం ఇప్పుడు నా చేతకాని గొంతును పట్టుకుని ఉందని తెలిసి తాళాలు ఇంకాస్త గట్టిగా వాయించాను. సరిగ్గా అప్పుడే దగ్గు. కళ్ళనిండా నీళ్ళు, చెవుల్లో హోరు. తేరుకునేసరికి దీపం దగ్గర వత్తులు చేసుకుంటున్న పెద్దావిడ నామం చెబుతోంది, సన్నగా, తొణక్కుండా.

తాత వచ్చాడు, వెనకే బస్సు దిగినవాళ్ళూ. నా గొంతు ఆయన కాళ్ళు కడుక్కుంటున్న వీధి కుళాయి దాకా వినబడిందట. “ఏటి బాబూ, నీ రాత కూడా ఈ బాపతేనా?” అన్నాడు.

నేను పెద్దావిడ దగ్గరకెళ్ళి, మధ్యలో ఆగిందేమోనని ఒప్పేసుకున్నాను.

“ఆగనేదు బాబూ,” అంది వత్తి నలుపుతూనే. “నువ్వు దగ్గక ముందే నాను అందుకున్నాను. నీ గోలలో నీకు ఇనబడనేదు.”

నామం అఖండంగా సాగిందని వార్త రాశాను. ఇన్నేళ్ళలో నిర్ధారించుకోకుండా రాసిన వాక్యాల్లో దిద్దుకోవాలనిపించనిది అదొక్కటే. దగ్గుకి ముందు ఆవిడ పెదవులు కదిలాయో లేదో నేను చూడలేదు. చూడ్డానికి ఆ పందిట్లో మరెవరూ లేరు.