గొర్రెల మతం మీద విచారణ

1957లో, అంటే తెలుగు జిల్లాలన్నీ ఒక రాష్ట్రమైన మరుసటి ఏడు, నన్ను వికారాబాద్ నుంచి తాండూరుకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరు గంభీరంగా ఉంటుంది గాని, తాలూకా మొత్తానికి ఉన్న ఒకే ఒక్క పశువుల డాక్టరునని దాని అర్థం. అప్పటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు మాకు కొత్తగా వచ్చి చేరింది. ఆస్పత్రికి వచ్చే రైతులు నాతో తెలుగు, తమ ఎద్దులతో కన్నడం మాట్లాడేవారు. ఎద్దులు చెప్పిన మాట వినేవి కాబట్టి నేనేమీ అభ్యంతరం పెట్టలేదు.

ఊరు దాటి యాలాల్ వెళ్లే బాట మీద ఒక పాత బండల ఇంట్లో యోహాన్, ఆనా అనే దంపతులు కాపురముండేవారు. యూరప్‌లో ఉత్తరాన సముద్రపు ఒడ్డు దేశం వాళ్లది. యుద్ధంలో ఆ దేశం పెద్ద దేశం కడుపులోకి పోయింది. వీళ్లు పడవెక్కి బయటపడి, ఎక్కడెక్కడో తిరిగి, వికారాబాద్‌లోని ఒక మిషన్ వారి ఆసరాతో ఇక్కడ తేలారు. ప్రతి ఏడూ ఇక్కడ ఉండటానికి అనుమతి కొత్తగా తీసుకోవాలి. వీళ్లకు ఫలానావారు పూచీ అని ఎవరో ఒకరు తహసీల్ కచేరీలో చెప్పాలి. ఆ పూచీ మిషన్ వారు పడేవారు. అనుమతి దొరక్కపోతే వెనక్కి పంపాలి. వెనక్కి అంటే ఎక్కడికన్నది ఏ కచేరీకీ తెలియదు.

వాళ్ల భక్తి ఆదివారంతో సరిపెట్టుకునేది కాదు. టీ తాగాలన్నా, ఒకరి పుండు కడగాలన్నా, తప్పించుకున్న కోడిని పట్టాలన్నా ముందు ప్రార్థన. ఆనా పొద్దున్నే జొన్న అంబలి కాచి ఆకలిగొన్న వాళ్లకు పోసేది. యోహాన్ బైబిలు ముందేసుకుని తెలుగు నేర్చుకున్నాడు. నాపరాళ్ల గనిలో కాలు నలిగిన కూలీ వస్తే, "ఓ మనుష్యుడా, భయపడకుము, నీ కాలు నాకు చూపుము" అనేవాడు. కూలీ నిజంగానే భయపడేవాడు.

వాళ్లు చేసే పనుల్లో నాకు సంబంధించింది గొర్రెలు. గనుల్లో కాలో చెయ్యో పోయిన వాళ్లకు, మగదిక్కు లేని ఆడవాళ్లకు ఒక్కో గొర్రెను ఇచ్చేవారు. అది ఈనిన తొలి పిల్లను ఇంకో పేద ఇంటికి ఇవ్వాలన్నది ఒక్కటే షరతు. ఆ గొర్రెలన్నీ గొర్రెలు కాచే కురుమల మందలతో కలిసి మేతకు పోయేవి. నేను వచ్చిన ఏడాదే మందలన్నిటికీ గజ్జి పట్టింది. ఉన్ని ఊడి, చర్మం పగిలి, గొర్రెలు బండలకు ఒళ్లు రాసుకుని రక్తాలు కార్చుకునేవి. గొంగళ్లు నేసే వాళ్లకు ఉన్ని లేదు, పేదవాళ్లకు పిల్లల ఆశ లేదు.

దీనికి మందు గంధకం, సున్నం కలిపి ఉడికించిన నీళ్లు. మనిషి నడుము లోతు తొట్టి కట్టి, ఆ నీళ్లు నింపి, గొర్రెలను ఒక్కొక్కటిగా ఈదించాలి. మధ్యలో తల కూడా ఒకసారి పూర్తిగా ముంచాలి. లేకపోతే చెవుల్లో దాగిన పురుగు బతికి, మళ్లీ ఒళ్లంతా పాకుతుంది. పన్నెండు రోజులు తిరక్కముందే గుడ్లు పగిలి కొత్త పురుగు వస్తుంది కనుక రెండో విడత ముంచడం తప్పదు. ఒక విడతతో ఆపితే మొదటిది కూడా దండగే. సర్కారుకు తొట్టి లేదు. యోహాన్ తన దేశంలో గొర్రెలు పెంచినవాడు కాబట్టి నాపరాళ్లతో తానే కట్టాడు. మందు నాది, తొట్టి ఆయనది.

ఇక్కడే మా ఇద్దరి తెలివీ తెల్లారింది. తల ముంచడానికి చివర అడ్డకర్ర ఉన్న పొడుగాటి గుంజ కావాలి. ఆ గుంజ ఎత్తి పట్టుకుంటే సిలువలా ఉంటుందని మాకు తట్టలేదు. మొదటి విడత అయిన గొర్రెకు నుదుట జాజుతో, అంటే ఎర్రమట్టితో, ఒక నిలువు గీత గీయమన్నాను. రెండో విడత అయ్యాక దాని మీద అడ్డగీత గీయమన్నాను. రెండు గీతలూ కలిస్తే ఏమవుతుందో పశువైద్య కళాశాలలో ఎవరూ చెప్పలేదు. వీటికి తోడు యోహాన్ తొట్టి ఒడ్డున నిలబడి, చెయ్యెత్తి, తన భాషలో గట్టిగా ప్రార్థించేవాడు. ఆనా కీర్తన అందుకునేది. బైబిల్లో ఏటి ఒడ్డున జనానికి బాప్తిస్మమిచ్చిన ఆయన పేరు కూడా యోహానే కావడం మా ఖర్మ.

రెండో విడత సగంలో ఉండగా గొర్రెల దళారీ నర్సప్ప సంతలో మాట లేపాడు. దొర గొర్రెలను కిరస్తానంలో కలుపుతున్నాడని, అలాంటి గొర్రెను ఎల్లమ్మ ముట్టదని, కావాలంటే తాను సగం ధరకు కొంటానని. ఎల్లమ్మ పండుగ దగ్గరికొచ్చింది. కురుమల కులపెద్ద బీరయ్య నా ఆస్పత్రికి వచ్చి గొంగడి దులిపి నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్, నీ మందు మంచిదే. గని నా గొర్రె ఏ దేవునిదో నాకు జర తెల్వాలె గద! అమ్మకు మొక్కిన పొట్టేలు ఉంది నా తాన. గది గిప్పుడు ఎవలకు పోవాలె?"

పురుగుకు మతం లేదన్నాను. పురుగు సంగతి తాను అడగలేదన్నాడు. ఆ రోజు నుంచి మందలు రావడం ఆగిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది, కాని చిర్రెత్తినంత మాత్రాన గజ్జి ఆగదు. ఇంతలో నర్సప్ప పెట్టిన అర్జీ పైకి వెళ్లి, పై నుంచి ఉత్తర్వు కిందికి వచ్చింది. గొర్రెలు మతం మారినవా, లేదా అన్నది సంబంధిత పశువైద్యాధికారి సమక్షంలో విచారించాలట. మారాయని తేలితే దంపతుల అనుమతి రద్దు. నా ఉద్యోగ జీవితంలో దొమ్మ, గాలికుంటు, గొంతువాపు నిర్ధారించాను గాని, ఇది నిర్ధారించే పరీక్ష నా దగ్గర లేదు.

విచారణకు తహసీల్ నుంచి గిర్దావర్ వచ్చాడు. గిర్దావర్ అంటే భూముల తనిఖీ చూసే అధికారి. తెల్లటి షేర్వానీ వేసుకుని తొట్టి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఒక పక్క బీరయ్య, సాక్ష్యం కోసం తెచ్చిన మొక్కుబడి పొట్టేలు, దాని వెనక కురుమలు. ఇంకో పక్క నర్సప్ప. మధ్యలో యోహాన్, ఆనా. అబద్ధం ఆడటం వాళ్లకు రాదన్న సంగతి నాకు తెలుసు.

గిర్దావర్ మర్యాదగా అడిగాడు. తొట్టి దగ్గర ప్రార్థన చేశారా? చేశాం. ఎవరి కోసం? గొర్రెల కోసం. నీళ్లలో తల పూర్తిగా ముంచారా? ముంచాం. గొర్రెలకు పేర్లు పెట్టారా? ఈ ఒక్కదానికైనా లేదంటుందేమోనని నేను ఆనా వైపు ఆశగా చూశాను. ఆమె ముఖం వెలిగిపోయింది. తాము దానమిచ్చిన ప్రతి గొర్రెకూ పేరుందని చెప్పి, "ఇది రూతు, ఇది మార్త, అది సారా" అంటూ వేలు పెట్టి చూపించింది. నర్సప్ప చేతులు జోడించి ఆకాశం వైపు చూశాడు. అర్జీదారుకు ఇంతకంటే ఏం కావాలి?

అసలు క్రియ ఎలా చేస్తారో తన కళ్లతో చూడాలన్నాడు గిర్దావర్. యోహాన్ ప్రార్థించి, రూతును తొట్టిలోకి దించాడు. గొర్రెల గుణం అందరికీ తెలిసిందే, ఒకటి పోతే మిగతావి ఎందుకని అడగవు. మార్త దిగింది, సారా దిగింది, వాటి వెనకే బీరయ్య చేతిలోని తాడు లాక్కుని మొక్కుబడి పొట్టేలు కూడా దిగింది. బీరయ్య కేక వేశాడు. యోహాన్‌కు పని మీద ధ్యాస తప్ప మరేమీ ఉండదు. గుంజ ఎత్తి దాని తల కూడా శుభ్రంగా ముంచాడు.

పొట్టేలు అవతలి ఒడ్డు ఎక్కింది. నిలబడింది. కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లు ఒక్కసారి విదిల్చుకుంది. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే పచ్చటి నీళ్లు గిర్దావర్ షేర్వానీ నిండా పడ్డాయి.

కురుమలంతా పొట్టేలు వైపు తిరిగారు. ఆ వైపు ఆచారం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. దేవతకు మొక్కిన జీవం మీద పసుపు నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిల్చే దాకా ఆగుతారు. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. లేకపోతే మొక్కులో ఏదో లోపమున్నట్టు. ఒక్కోసారి పూట గడిచినా అది కదలదు, ఇంటిల్లిపాదీ ఏడ్చి బతిమాలుతారు. అలాంటిది ఇక్కడ పొట్టేలు అడగకముందే విదిల్చింది. దాని వెనక ఎక్కిన ప్రతి గొర్రే విదిల్చింది.

"సూడుండ్రి, ఇదిలిచ్చింది!" అని బీరయ్య గొంగడి నేల మీద పరిచి సాగిలపడ్డాడు. "అమ్మ ఒప్పుకున్నది! మంద మందంత ఒప్పుకున్నది!"

తడిసిన గొర్రె ఒళ్లు విదిల్చుకోకుండా ఉండదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. గొర్రెల పూర్వస్థితిలో ఏ మార్పూ లేదని గిర్దావర్ అక్కడికక్కడే తేల్చేసి, బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

గండం గడిచిందనుకున్నాను. గడువు మించిన మందలకు మళ్లీ మొదటి విడత నుంచి మొదలుపెట్టాం. రెండో విడత సగంలో ఉండగా వికారాబాద్ నుంచి మిషన్ పాస్టరు గారు వచ్చారు. మెత్తటి మనిషి. తొట్టి అంచు చూసి ఆయన ముఖం పాలిపోయింది. కురుమ ఆడవాళ్లు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టారు. ప్రభువు పేరుతో మొదలైన పని ఎల్లమ్మ దగ్గర తేలుతున్నదని ఆయన బాధపడ్డారు. ఇకపై తొట్టి దగ్గర ప్రార్థన మానాలి, లేదా తొట్టి మూయాలి, రెండూ కాకపోతే వచ్చే ఏడు తాము పూచీ పడలేమని చెప్పి వెళ్లారు.

యోహాన్ పెద్దల మాట జవదాటని మనిషి. మర్నాడు పెదవి కదపకుండా గుంజ పట్టుకున్నాడు. బీరయ్య మందను తొట్టి దాకా తెచ్చి, ఆగి, వెనక్కి మళ్లించాడు.

"మొక్కకుండ ముంచితే గొర్రె ఊకనే తడుస్తది డాక్టర్ సాబ్. గట్లయితే వాన సాలదా?"

మందు పని మందు చేస్తుందని ఎంత మొత్తుకున్నా వినలేదు. అటు చూస్తే గడువు దాటిపోతోంది, సగం మందలకు రెండో విడత కాలేదు. యోహాన్ గుంజ కింద పెట్టాడు. తర్వాత చెయ్యెత్తి, ఎప్పటికంటే గట్టిగా ప్రార్థించాడు. మందలు దిగాయి. అవి విదిల్చిన ప్రతిసారీ కురుమలు ఎల్లమ్మను తలుచుకున్నారు. ఆ కబురు వికారాబాద్ చేరింది, మిషన్ పూచీ పోయింది.

అనుమతి గడువు ముగిసే ముందు వాళ్లింటికి వెళ్లాను. ఆనా పెట్టె సర్దుతోంది. ఎక్కడికి వెళ్తారని అడిగాను. యోహాన్ పెట్టెకు కట్టడానికి తాడు తెచ్చాడు. ప్రభుత్వోద్యోగిని గనుక నేను పూచీ పడకూడదు. పడగలిగిన వాళ్లెవరూ నాకు తోచలేదు.

ఆఖరి రోజు తహసీల్ కచేరీకి బీరయ్య తనంతట తానే వచ్చాడు. పట్టా భూమి ఉన్న పెద్దమనుషులు ఇద్దరు పూచీ పడితే చాలని గిర్దావర్ చెప్పాడట. తహసీల్దారు ఆశ్చర్యపోయి, వీళ్లది ఏ మతమో తెలుసా అని అడిగారు.

"ఎరుక లేకేం సాబ్! కిరస్తానపోళ్లు. మస్తు మొక్కుతరు. గందుకే గదా మాకు కావాలె! గీళ్లు పోతే మా గొర్రెలకు ఎవలు మొక్కాలె?"

రెండో పూచీదారుగా వేలిముద్ర వేసింది నర్సప్ప. అప్పటికే అతను సంతలో "తొట్టిల ఇదిలిచ్చిన గొర్రె" అని అరిచి ఎక్కువ ధరకు అమ్ముతున్నాడు. అనుమతి వచ్చింది. గజ్జి తగ్గింది. నేను అక్కడ ఉన్నంతకాలం ఆ దంపతులు ఇంకెంతో మందికి గొర్రెలు పంచారు.

తర్వాత నా కింద చేరిన కొత్త డాక్టర్లకు ఈ పని నేనే నేర్పేవాణ్ని. ముంచే ముందు గొర్రెలకు మంచినీళ్లు తాగించాలి, చూడి గొర్రెలను వేరు చేయాలి, తల తప్పక ముంచాలి. తొట్టి దగ్గర ఎవరైనా, ఏ దేవుడికైనా ప్రార్థన చేస్తామంటే ఆపకూడదు. దానివల్ల మందు పలచబడదు, మందలు మాత్రం రెండో విడతకు వస్తాయి.