ముప్పై తొమ్మిదో సంవత్సరం రూపాయి

పాత వెండి రూపాయి బరువు ఒక తులం. అలాంటి ఒక్క రూపాయి బరువును నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా నాన్న పుంగనూరులో వెండిపని చేసేవాడు. డెబ్బైల మొదట్లో సదుం నుంచి వెంకటప్ప అనే రైతు, ఇంట్లో దాచుకున్న రాజు బొమ్మ రూపాయలు తెచ్చి, కరిగించి మనవడికి మొలతాడు చేయమన్నాడు. నాన్న చేశాడు. వెండి తెల్లగా రాలేదు. రూపాయల్లోనే వెండి తక్కువుందని నాన్న అప్పుడే చెప్పాడు. వెంకటప్ప నమ్మలేదు. మదనపల్లెలో పరీక్ష చేయిస్తే సగం కల్తీ అని తేలింది. సంత రోజు మా అంగడి ముందు నిలబడి మొలతాడు విసిరికొట్టాడు.

"తెల్లోడి రూపాయిలో యాడన్నా కల్తీ ఉంటాదా? కల్తీ ఉండేది నీ సేతిలో," అన్నాడు.

నాన్న ఏం చూపిస్తాడు? రూపాయలు కరిగిపోయాయి. తర్వాత మా గడప తొక్కినవాడు లేడు. నాన్న సుత్తి పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అలాగే కూర్చుని, నువ్వు దొంగవు కావని ఎవరో ఒకరు అంటారేమోనని వచ్చేపోయేవాళ్ల మొహాల్లోకి చూసేవాడు. వెంకటప్ప నాశనం కావాలని నేను రోజూ కోరుకున్నాను. దానికి సిగ్గుపడను.

పెద్దయ్యాక మదనపల్లెలో అంగడి పెట్టాను. కుప్పంలో పాత నాణేలు సేకరించే ఒక రిటైరైన రైల్వే ఆయన నాకు అసలు సంగతి చెప్పాడు. బొమ్మ కాదు, సంవత్సరం చూడాలి. పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిది దాకా మేలిమి వెండి, నలభై నుంచి సగమే. రాజు అదే, బరువూ అదే. అంటే నాన్న మాట అక్షరాలా నిజం. ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు. ముప్పై తొమ్మిదో సంవత్సరం రూపాయి చాలా అరుదు, కనబడితే కరిగించొద్దు, జత ఎద్దుల ఖరీదు ఇస్తానన్నాడు.

ఈ సంగతి నాన్నకు వెంటనే చెప్పలేదు. ఒకరోజు అదే సంతలో వెంకటప్ప మొహాన కొట్టినట్టు చెప్పాలని దాచుకున్నాను.

వెండి ధర కొండెక్కిన రోజుల్లో వెంకటప్పే నా అంగడికి వచ్చాడు. నేనెవరి కొడుకునో అతనికి తెలియదు. భార్య కడుపులో గడ్డ, ఆపరేషన్ చేయించాలట. మూట విప్పాడు. అన్నీ రాణి కాలంనాటి మంచి రూపాయలు. ఒకటి మాత్రం ముప్పై తొమ్మిదో సంవత్సరంది.

"వీట్లో యాదన్నా ఎక్కువ పలికేది ఉండాదేమో సూడప్పా," అన్నాడు.

నా సొరుగులో నలభై తర్వాతి రూపాయి ఉంది. రెండూ గీటురాయి మీద గీసి చూపితే చాలు, ఆ మనిషి పుంగనూరు వెళ్లి నాన్న ముందు తల వంచేవాడు. ఆ ముక్క నాకు తెలియదా? తెలుసు. కానీ అతను వంచే తల కన్నా అతనికి కలిగే నష్టమే నాకు తియ్యగా తోచింది.

"కరిగితే అంతా వెండే పెద్దాయనా. అన్నిటికీ ఒకటే రేటు," అన్నాను.

అతని కళ్ల ముందే దాన్ని అన్నిటికన్నా ముందు మూసలో వేశాను. రాజు మొహం జారి ముద్దయింది. నాకూ అది దక్కలేదు. అమ్ముకుని ఉంటే దొంగతనం అనొచ్చు. దీన్నేమంటారు? వెండి డబ్బు చాలక వెంకటప్ప కాడెద్దుల్ని అమ్మాడని విన్నాను. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

ఆ తర్వాత నాన్నకు నాణేల సంగతి చెబితే, వెంకటప్పకు చూపించి ఒప్పించలేదేమని అడుగుతాడు, నా పని బయటపడుతుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. నాన్న పోయాడు.

చావుకు వెంకటప్ప వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, అందరి ముందు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాయన ఎట్లాంటోడైతే ఏమప్పా, కొడుకు నిజమైనోడు. నా రూపాయలకు నాయంగా తూకమేసినాడు," అన్నాడు.

సంతలో ఆ రోజు విన్నవాళ్లే అక్కడా ఉన్నారు. తలలూపారు. నాన్న ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

వెంకటప్ప మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. మీరు నన్ను క్షమించాలని కూడా అడగను. మా నాన్న ఎవరి వెండీ తీయలేదు. ఆ వాకిట్లో ఈ మాట నేను అనలేదు. ఇప్పుడు రాశాను.